అమ్మిన వస్తువు ఎవరి మాట వినాలి?

గోడలకు చెవులుంటాయని మన పెద్దవాళ్ళు అనేవారు. అది హెచ్చరిక. మాట్లాడేముందు అటూ ఇటూ చూసుకోమని, గొంతు తగ్గించమని. ఇప్పుడు ఆ చెవుల్ని మనమే డబ్బిచ్చి కొనుక్కుని, గోడకు తగిలించుకుని, వాటికి ఇంట్లో వైఫై పాస్‌వర్డు కూడా చెబుతున్నాం. కొనేవాళ్ళ గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను రాయబోయేది చేసేవాళ్ళ గురించి. ఎందుకంటే ఆ చెవులు తయారుచేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఇరవై రెండేళ్ళుగా అమెరికాలో గృహోపకరణాలు తయారుచేసే కంపెనీల్లో పనిచేస్తున్నాను. బట్టలుతికే యంత్రం, గిన్నెలు కడిగే యంత్రం, ఫ్రిజ్ - వీటి లోపల అరచేతిలో సగం ఉండే బోర్డు మీద నడిచే ప్రోగ్రాములు రాయడం నా వృత్తి. మొదట్లో ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే "వాషింగ్ మెషీన్లకు బుర్ర పెడుతుంటానండీ" అనేవాణ్ణి. నవ్వేవారు. ఇప్పుడు బుర్రతో పాటు కళ్ళు, చెవులు, నోరు కూడా పెడుతున్నాం. బుర్ర పెట్టినంత కాలం నాకు ఏ ధర్మసందేహమూ రాలేదు. నోరు పెట్టిన దగ్గర్నుంచీ వస్తోంది.

వస్తువును నెట్‌వర్కుకు కట్టాలన్న సరదా కొత్తదేం కాదు. 1980ల మొదట్లోనే కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళు కోకాకోలా యంత్రానికి తీగలు తగిలించి, కుర్చీలోంచి లేవకుండానే అందులో సీసాలున్నాయా, ఉన్నవి చల్లబడ్డాయా అని కంప్యూటర్లో చూసుకునేవారు. 1990లో జాన్ రోమ్‌కీ అనే ఆయన ఒక ప్రదర్శనలో ఇంటర్నెట్ ద్వారా పనిచేసే టోస్టర్‌ను చూపించాడు. రొట్టెముక్క మాత్రం మనిషే పెట్టాల్సివచ్చేది. మరుసటేడు ఆ పనికి ఒక చిన్న క్రేను కూడా తగిలించారు. 1991లో జిరాక్స్ పరిశోధనశాలలో పనిచేసే మార్క్ వైజర్, కంప్యూటర్లు పరిసరాల్లో కలిసిపోయి మన గమనికలోకే రాని రోజు గురించి రాశాడు. "ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్" అన్న పేరు 1999లో కెవిన్ ఆష్టన్ పెట్టాడు. ఆయన ధ్యాస అప్పట్లో కంపెనీ సరుకు ఎక్కడుందో, ఎంతుందో తెలుసుకోవడం మీద ఉండేది, మన పడగ్గదుల మీద కాదు.

ఇవన్నీ ముచ్చట్లు. చిప్పు చవకైన రోజున ముచ్చట వ్యాపారమైంది. 2014లో షాంఘై కంపెనీ ఒకటి ఇఎస్‌పి8266 అనే వైఫై చిప్పును బజారులోకి తెచ్చింది. కొద్ది డాలర్లకే దొరికేది. కారులో గుద్దుకున్న కుదుపును పసిగట్టి గాలిసంచి విప్పడానికి వాడిన సెన్సారు లాంటివి కందిగింజంత అయిపోయి, ఫోనుల్లోకి, అక్కడినుంచి ప్రతి వస్తువులోకీ వచ్చాయి. ఖరీదుగా ఉన్నంత కాలం కంపెనీలో అడిగే ప్రశ్న "ఎందుకు పెట్టాలి?" అన్నది. చవకయ్యాక ఆ ప్రశ్న "ఎందుకు పెట్టకూడదు?" అని తిరగబడింది. ఈ రెండూ ఒకే ప్రశ్నలా వినిపిస్తాయి గానీ, మొదటిదానికి జవాబు చెప్పాల్సింది పెట్టేవాడు, రెండోదానికి జవాబు చెప్పాల్సింది వద్దనేవాడు. రుజువు భారం అంతా చడీచప్పుడు లేకుండా ఇటునుంచి అటు మారిపోయింది.

సెన్సారు గురించి ఒక మాట చెప్పాలి. వాషింగ్ మెషీన్ డ్రమ్ము దగ్గర కుదుపును కొలిచే సెన్సారు పెడతాం. బట్టలన్నీ ఒక పక్కకు చేరితే యంత్రం గెంతకుండా వేగం తగ్గించాలి కదా, అందుకు. అంతవరకు అది యంత్రం ఆరోగ్యం. అవే అంకెలు బయటికి పంపి, ఆరు నెలలు దాచి, వరసగా చదివితే ఇంకో కథ చెబుతాయి. ఈ ఇంట్లో వారానికి ఎన్నిసార్లు ఉతుకుతున్నారు, పగలా రాత్రా, ఈమధ్య ఉతుకులు ఎందుకు రెట్టింపయ్యాయి, ఎందుకు సగమయ్యాయి. పసిపిల్ల పుట్టి ఉండొచ్చు. ఒక మనిషి ఇల్లు వదిలి వెళ్ళిపోయి ఉండొచ్చు. కరెంటు మీటరూ అంతే. నెలకోసారి చదివితే బిల్లు. పావుగంటకోసారి చదివితే దినచర్య. సెన్సారు కొలిచేది ఒకటి, దాన్ని చదివేవాడు తెలుసుకునేది ఇంకొకటి. మా వృత్తిలో ఉన్న నైతిక సమస్య అంతా ఈ రెండింటి మధ్య సందులో ఉంది.

ఇక అసలు విషయం. అమ్మకం అంటే ఏమిటి? మన ఊళ్ళో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి, మోత విని, బేరమాడి కొనేవాళ్ళం. డబ్బు చేతులు మారగానే కుమ్మరికీ కుండకీ సంబంధం తీరిపోయేది. అందులో పప్పు వండుతారా, పెరుగు తోడుపెడతారా, విసురుగా నేలకేసి కొడతారా అన్నది అతనికి తెలిసేది కాదు, అక్కర్లేదు కూడా. "నాది" అన్న మాటకు అర్థం అదే. నెట్‌వర్కుకు కట్టిన వస్తువు అలా కాదు. అది మన ఇంట్లో ఉంటుంది, కానీ చేసినవాడి దగ్గర్నుంచి ఆజ్ఞలు వస్తూనే ఉంటాయి. పాత కథల్లో పెళ్ళికూతురితో పాటు అరణపు దాసిని పంపేవారు. ఆమె అత్తవారింట్లో చాకిరీ చేసేది, అక్కడి కబురు పుట్టింటికి మోసేది. తిండి ఒకచోట, విశ్వాసం ఇంకోచోట. ఈ వస్తువులు అలాంటివే. కరెంటు మనది, వైఫై మనది, చోటు మనది, విశ్వాసం మాత్రం ఎక్కడో సర్వరు మీద.

ఇదేదో ఊహాగానం కాదు. 2017 ఫిబ్రవరిలో విజియో అనే టీవీ కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, న్యూజెర్సీ రాష్ట్రం కలిసి పెట్టిన కేసు 22 లక్షల డాలర్లతో పరిష్కారమైంది. ఆరోపణ ఏమిటంటే, 2014 నుంచి కోటీ పది లక్షల టీవీల్లో, తెరమీద ఏం నడుస్తోందో క్షణక్షణం పసిగట్టి, ఇంటివాళ్ళ అనుమతి సరిగా తీసుకోకుండా ఆ సమాచారం సేకరించి అమ్మారని. మనం టీవీ చూస్తున్నామనుకుంటాం, అది మనల్ని చూస్తోంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇంతకన్నా ఏముంటుంది?

ఇంకోటి. రివాల్వ్ అనే పరికరం ఉండేది. సుమారు 300 డాలర్లు. ఇంట్లో దీపాలు, తలుపులు, ఇవన్నీ దానితో నడిపేవారు. ఆ కంపెనీని నెస్ట్ కొనుక్కుంది. 2016 మేలో సర్వరు ఆపేశారు. అంతే, జనం ఇళ్ళలో ఏ పగులూ లేకుండా ఉన్న పరికరం ఒక్క రోజులో రాయి అయిపోయింది. పగలగొట్టింది కొన్నవాడు కాదు, వానా పిడుగూ కాదు, చేసినవాళ్ళే. కుమ్మరి తన ఇంట్లో కూర్చుని మన వంటింట్లో కుండ పగలగొట్టగలడా? ఇప్పుడు పగలగొట్టగలడు.

2016 అక్టోబరు 21న ఇంకో వింత జరిగింది. కెమెరాల్లాంటి మామూలు పరికరాలు వేలకొద్దీ ఏకమై డిన్ అనే సంస్థ మీద దాడిచేశాయి. అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కొన్ని గంటలపాటు అందకుండా పోయాయి. మిరాయ్ అనే ప్రోగ్రాము ఆ పరికరాల్లోకి జొరబడిన పద్ధతిలో గొప్ప తెలివేమీ లేదు. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులు ఎవరూ మార్చరు కాబట్టి, వాటి జాబితా పట్టుకుని ఒక్కొక్కటీ ప్రయత్నించింది. ఇక్కడ నష్టపోయినవాళ్ళు ఆ కెమెరాలు కొన్నవాళ్ళు కాదు, వాటితో ఏ సంబంధమూ లేనివాళ్ళు. కొన్నవాడికి తెలియదు, చేసినవాడికి పట్టదు, దెబ్బ మూడోవాడికి.

ఇంత చెప్పి, అందుకని ఈ చిప్పులన్నీ పీకి పారేయాలి అంటానని మీరు అనుకుంటే అది నా ఉద్దేశం కాదు. మన ఊళ్ళలో వ్యవసాయానికి కరెంటు అర్ధరాత్రి ఇచ్చే రోజులు గుర్తున్నవాళ్ళకు తెలుసు, మోటారు వేయడానికి చీకట్లో గట్టుమీద నడవడం అంటే ఏమిటో. పాము భయం, తడి చేతితో స్టార్టరు ముట్టుకుంటే షాకు భయం. సెల్‌ఫోను నుంచి మోటారు వేసుకునే స్టార్టరు వచ్చాక రైతుకు ఆ నడక తప్పింది. ఆ స్టార్టరు తయారుచేసినవాళ్ళు పుణ్యాత్ములు అంటే నేను ఒప్పుకుంటాను. కానీ గమనించండి. ఆ స్టార్టరు ఎవరి మాట వింటుంది? రైతు మాట. ఎవరికి కబురు చెబుతుంది? రైతుకే.

అదే పొలంలో మీటరు పెట్టాలన్నప్పుడు సంగతి వేరయింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంపుసెట్లకు మీటర్లు పెట్టి, సబ్సిడీ డబ్బును రైతు ఖాతాలో వేస్తామని, ముందుగా శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెడతామని అన్నప్పుడు పెద్ద చర్చ నడిచింది. ఉచిత విద్యుత్తు అలాగే ఉంటుందని ప్రభుత్వం చెప్పింది. మీటరంటూ వచ్చాక బిల్లు రాకుండా ఉంటుందా అని చాలామంది అడిగారు. ఎవరి వాదం సరైనదో తేల్చడం నా పని కాదు. నాకు నచ్చింది రైతు వేసిన ప్రశ్న. ఆయన "ఎలా కొలుస్తారు?" అని అడగలేదు. "కొలిచాక ఏం చేస్తారు?" అని అడిగాడు. ఇంజనీరింగ్ కాలేజీలో మాకు మొదటి ప్రశ్నకు నాలుగేళ్ళు సమాధానం నేర్పారు. రెండో ప్రశ్న ఉందని కూడా ఎవరూ చెప్పలేదు.

ఈ ప్రశ్న మా ఇంట్లోకీ వచ్చింది. మా అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. ఎనభై ఒకటో ఏడు నడుస్తోంది. నాన్న పోయాక ఇక్కడికి రమ్మంటే రానంది. మనవాళ్ళలో ఇలాంటి ఇళ్ళు ఎన్నో. పిల్లలు డాలస్‌లోనో దోహాలోనో, పెద్దవాళ్ళు అక్కడ, మధ్యలో ఒక కెమెరా. నేనూ అన్నయ్యా కలిసి, హాల్లో మనిషి కదలికను పసిగట్టేది ఒకటి, వీధి తలుపుకు ఒకటి పెట్టిద్దామనుకుని అమ్మకు చెప్పాం. అమ్మ చదువుకున్నది ఆరో తరగతి. నేను వినని ప్రశ్నలు అడిగింది.

"ఇది ఎవరికి చెబుతుందిరా?"

"నాకూ అన్నయ్యకీనమ్మా."

"మధ్యలో ఇంకెవరూ లేరా?"

ఉన్నారని చెప్పాను. కంపెనీ వాళ్ళ సర్వరు ఉంటుందని వివరించాను. కాసేపు ఆలోచించి షరతులు పెట్టింది. కెమెరా వద్దు. దేవుడి గదిలో ఏమీ వద్దు, పడగ్గదిలో అసలే వద్దు. పనిచేసే పిల్ల వచ్చిన వేళా పోయిన వేళా లెక్క రాయకూడదు. "దాని రాకపోకలు నీకెందుకురా అమెరికాలో? నేను చూసుకోనూ?" అంది. చివరి షరతు విని నేను మాట్లాడలేకపోయాను. "నేను లేచానో లేదో నీకు తెలుస్తుంది, బాగానే ఉంది. నువ్వు లేచావో లేదో నాకు తెలియొద్దూ?"

అమ్మ అడిగింది ఉత్త ముచ్చట కాదు. చిన్నప్పుడు మా వీధిలో ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఏదీ ఉండేది కాదు. పొద్దున ఏడయినా గుమ్మం ముందు ముగ్గు పడలేదంటే పక్కింటావిడ వచ్చి "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగేది. ముగ్గు కూడా ఒక సెన్సారే అనుకోండి. కానీ తేడా ఉంది. ఆ ముగ్గు వేసింది అమ్మే. వీధికి ఏం చెప్పాలో అంతే చెప్పింది. పక్కింటావిడకు మా ముగ్గు కనిపించినట్టే మాకు ఆవిడ ముగ్గు కనిపించేది. ఆవిడ అతిగా ఆరా తీస్తే అమ్మ మొహం మీదే అనగలిగేది. చూసేవాళ్ళను మనం కూడా చూడగలగడం, అడగగలగడం, కావాలంటే తలుపు వేసుకోగలగడం - ఈ మూడూ ఉన్నంత కాలం అది ఇరుగుపొరుగు. ఈ మూడూ పోతే నిఘా. ప్రేమతో పెట్టినా నిఘా నిఘానే. ఇప్పుడు అమ్మ దగ్గరున్న ఫోనులో నా వంటింటి దీపం వెలిగితే కబురు వెళుతుంది. లేటుగా వెలిగిన రోజున ఫోన్ చేసి తిడుతుంది.

అంగీకారం అన్న మాటను ఈ వెలుగులో చూడాలి. పెట్టె విప్పగానే "నేను ఒప్పుకుంటున్నాను" అన్న మీట నొక్కుతాం. ఎన్ని పేజీలున్నాయో కూడా చూడం. సరే, కొన్నవాడు నొక్కాడు. ఆ ఇంటికి వచ్చే చుట్టం నొక్కాడా? పనిమనిషి నొక్కిందా? పిల్లలు? 2017లో జర్మనీ ప్రభుత్వ సంస్థ కేలా అనే మాట్లాడే బొమ్మను నిషేధించి, కొన్నవాళ్ళను దాన్ని ధ్వంసం చేయమంది. మామూలు వస్తువు వేషంలో దాగిన నిఘా పరికరం కింద లెక్కగట్టింది. బొమ్మను కావలించుకుని గుట్టు చెప్పుకునే పిల్లకు ఒప్పందం అంటే ఏమిటో తెలుసా? ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు. అక్కడ గుట్టు చెప్పినవాడు కనీసం విభీషణుడు, ధర్మం కోసం చెప్పానని అనుకోగలిగాడు. బొమ్మకు ఆ వెసులుబాటు కూడా లేదు.

చట్టాలు కదులుతున్నాయి. కాలిఫోర్నియాలో 2020 నుంచి, బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి అన్ని పరికరాలకూ ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మే పద్ధతి కుదరదు. ఎన్నాళ్ళు భద్రతా మరమ్మతులు ఇస్తారో కూడా చెప్పాలని బ్రిటన్ చట్టం అంటుంది. యూరప్ చట్టం 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చినా, అందులో ముఖ్యమైన నిబంధనలు వర్తించేది 2027 డిసెంబరు నుంచి. భారతదేశంలో 2017 పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కు అంది, 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అమెరికాలో 2024లో ట్రేడ్ కమిషన్ సిబ్బంది 184 రకాల పరికరాల వెబ్‌సైట్లు చూస్తే, దాదాపు 89 శాతం వాటిలో ఎన్నాళ్ళు సాఫ్ట్‌వేర్ మద్దతు ఉంటుందో చెప్పనేలేదు. మందు సీసా మీద గడువు తేదీ లేకపోతే కొంటామా?

కానీ చట్టం చెప్పేది చేయకూడని దాని గురించి. చేయదగినది ఏమిటో చేసేవాడే తేల్చుకోవాలి. నా మట్టుకు నేను మూడు కొలతలు పెట్టుకున్నాను. నెట్ పోయినా వస్తువు తన పని తాను చేయాలి, ఉతికే యంత్రం ఉతకాలి, దీపం వెలగాలి. లోపలే తేల్చుకోగలిగిన విషయం లోపలే తేల్చుకోవాలి, డ్రమ్ము ఊగుతోందని తెలుసుకోవడానికి ఊగినప్పటి అంకెలన్నీ సముద్రాలు దాటక్కర్లేదు. నోరు మూయడానికి కొన్నవాడి చేతిలో ఒక మీట ఉండాలి, మూసినందుకు శిక్షగా వస్తువు మొరాయించకూడదు.

వీటిమీద మా ఆఫీసులో వాదం జరుగుతూనే ఉంటుంది. మా టీములో వరంగల్‌లో చదివి వచ్చిన అమ్మాయి ఒకతి ఉంది. ఒక సమావేశంలో "ఈ అంకెలన్నీ మనకెందుకండీ?" అని అడిగింది. "తర్వాత ఎందుకైనా పనికొస్తాయి" అని జవాబు వచ్చింది. పనికొస్తాయేమోనని పాత డబ్బాలు అటకెక్కించే అలవాటు మన ఇళ్ళలోనూ ఉంది. అయితే అవి మన డబ్బాలు. ఇవి పరాయివాళ్ళ రోజులు.

వ్యాపారం తెలిసినవాళ్ళు ఒక గట్టి ప్రశ్న వేస్తారు. సమాచారం అమ్ముకోబట్టే టీవీ అంత చవకగా వస్తోంది, అది మానితే ధర పెరుగుతుంది, పేదవాడికి టీవీ అందకుండా చేయడం ధర్మమా అని. ఇందులో నిజం ఉంది, కొట్టిపారేయలేను. కానీ దాని అర్థం ఏమిటో కూడా చూడాలి. డబ్బున్నవాడు డబ్బిచ్చి తలుపు వేసుకుంటాడు, లేనివాడు తలుపు అమ్ముకుని టీవీ కొనుక్కుంటాడు. చవక అన్న మాటకు అసలు ధర ఎంతో పెట్టె మీద రాసి అమ్మితే, అప్పుడు ఇది పేదవాడి ఎంపిక అని నేనూ ఒప్పుకుంటాను. రాయకుండా అమ్మినంత కాలం అది పేదవాడి పేరు చెప్పి మనం చేసుకున్న ఎంపిక.

మా వృత్తిలో అందరికీ కంఠతా వచ్చిన ఓదార్పు ఇంకొకటి ఉంది. "నువ్వు చేయకపోతే ఇంకొకడు చేస్తాడు." నిజమే, చేస్తాడు. అయితే ఈ వాదంతో సమర్థించలేని పని లోకంలో ఏదైనా ఉందా? ఇంకొకడు చేస్తాడన్నది ఇంకొకడి గురించిన సంగతి. నేను చేశానా లేదా అన్నది నా గురించిన సంగతి. పైగా అనుభవంలో తెలిసింది ఏమిటంటే, ఆ ఇంకొకడు కూడా పక్కవాడు అడుగుతాడేమోనని చూస్తూ ఉంటాడు. ఒకరు అడిగితే ఇద్దరు అడుగుతారు. ఆ అమ్మాయి అడిగాక ఆ అంకెలు బయటికి పంపడం ఆపలేదు గానీ, దాచే కాలం ఆరు నెలల నుంచి ఏడు రోజులకు తగ్గింది. చిన్న విషయమే. కానీ ఎక్కడో ఒక ఇంట్లో ఎవరో ఇల్లు వదిలి వెళ్ళిన సంగతి ఎనిమిదో రోజున ఎవరి దగ్గరా ఉండదు.

వచ్చే నెల కొత్త యంత్రం డిజైను మీద సంతకాలు. అందులో మాటతో నడిపేందుకు మైకు పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. చేతులు సరిగా ఆడని ముసలివాళ్ళకు అది నిజంగా ఉపయోగం, ఆ సంగతి అమ్మను చూసినవాణ్ణి నాకు తెలుసు. విన్న మాటను యంత్రంలోనే అర్థం చేసుకోవాలంటే కాస్త ఖరీదైన చిప్పు కావాలి. చవక చిప్పు పెడితే ప్రతి మాటా బయటికి వెళ్ళి రావాలి. రెండు చిప్పుల ధరల తేడా కాగితం మీద స్పష్టంగా ఉంది. రెండో వైపు రాయాల్సిన ధర ఏ గడిలోనూ లేదు. ఆ గడి గీయమని అడుగుతాను. గీసేదాకా నా సంతకం పడదు.